నాడి నుండి ముంజేతి పట్టీ వరకు

మనసులోని కలవరమును దేహమును పట్టి కనుగొనవచ్చునను తలంపు క్రొత్తది కాదు. కామక్రోధముల వలన నాడి వేగముగా నడచుననియు, చింతాభయముల వలన క్షీణించుననియు శార్ఙ్గధరసంహిత చెప్పుచున్నది. మన ఆంధ్ర వైద్యుల ఇండ్లలో నిలిచిన బసవరాజీయము కూడ నాడీపరీక్షకు పెద్దపీట వేసినది. రోము నగరమున రెండవ శతాబ్దిలో గేలెన్ అను వైద్యుడు నిద్రపట్టని ఒక స్త్రీని పరీక్షించుచుండగా, పైలడీస్ అను నర్తకుని పేరు వినబడినంతనే ఆమె నాడి తడబడినది. మరునాడు వేరొక నర్తకుని పేరు చెప్పించి చూచినాడు. నాడిలో మార్పు లేదు. ఊహతో తృప్తిపడక సరిచూచుటయే ఇందులోని గొప్ప.

1888లో ఫ్రాన్సున ఫెరే, 1890లో రష్యాలో తార్ఖనోవ్, ఉద్వేగము కలిగినపుడు చర్మపు విద్యుత్ లక్షణములు మారుటను గాల్వనోమీటరుతో కనుగొన్నారు. మనసు చలించినపుడు అరచేతి స్వేదగ్రంథులు మేల్కొనును. చెమ్మ ఎక్కువైన చర్మములో విద్యుత్తు సులువుగా పారును. 1997లో రోసలిండ్ పికార్డ్ 'అఫెక్టివ్ కంప్యూటింగ్' అను గ్రంథమును వెలువరించిన తరువాత ఈ పరిశోధన కంప్యూటర్లతో ముడిపడినది.

తిరుపతిలో ఈ ప్రశ్నను వేరు దారిన పరిశీలించినారు. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆచార్య పి. వి. రామమూర్తి, ఆచార్య డి. జమున వార్ధక్య మనస్తత్వమును దీర్ఘకాలము పరిశోధించినారు. భారత వార్ధక్యశాస్త్రముపై వారు కూర్చిన గ్రంథము 2004లో వెలువడినది. ప్రశ్నావళి పట్టుకొని వృద్ధులనే అడుగుట ఇట్టి పరిశోధనకు ముఖ్య సాధనము. నా మట్టుకు ఇది యంత్రము కంటె తక్కువది కాదు.

ఏలయన, అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లెక్కు అవ్వ గుండె వేగముగా కొట్టుకొనును. అది భయమా, ఆయాసమా, భక్తియా? పట్టీకి తెలియదు. రక్తపోటుకు వాడు బీటా బ్లాకరు మాత్రలు గుండె వేగమును తగ్గించును. వయసుతో చెమట పట్టుటయు తగ్గును. అనగా, ఎవరికొరకు ఉద్దేశించినారో వారి విషయముననే యంత్రము ఎక్కువగా పొరపడవచ్చును.

పిల్లలు బెంగుళూరుననో, చెన్నపట్టణముననో ఉండగా పల్లెలో ఒంటరిగానున్న తల్లికి ఇట్టి పట్టీ అక్కరకు రావచ్చును. అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ఒక వ్యక్తి తన సొంత, ఇంటి పనులకై వాడుకొను సమాచారమునకు వర్తించదు. కొడుకు ఫోనులో తన నాడి ఎంతవరకు కనబడవలెనో ఆ తల్లినే ముందుగా అడుగవలసియున్నది.