పుత్తూరు కట్టూ, స్టీలు ప్లేటూ: రెండింటికీ ఒకటే తూకం

మంగ్లాలో మా చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళలో చాలామంది రైల్వే కుటుంబాలవాళ్ళే. బెంగాల్ నాగపూర్ రైల్వే 1891లో బిలాస్‌పూర్ మీదుగా నాగపూర్ – ఆసన్‌సోల్ లైను పూర్తి చేసింది. ఆ రైల్వే వెంట వచ్చినవాళ్ళ మనవలూ, మునిమనవలూ వీళ్ళు. ఇంట్లో పెద్దావిడ జారిపడి భుజం దగ్గర చేతి ఎముక విరిగిందంటే చాలు, ఒకరు "పుత్తూరు కట్టు కట్టించండి" అంటారు, ఇంకొకరు "ఆలస్యం చెయ్యకుండా ప్లేటు వేయించండి" అంటారు. హేతువాదిగా నేను ఇద్దర్నీ రుజువు అడుగుతాను.

ముందు పుత్తూరు సంగతి. ఒకప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పుత్తూరు దగ్గర రాజుల కుటుంబం 1881 నుంచి ఈ కట్టు కడుతోందని చెబుతారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. "వేలమందికి నయమైంది కదా?" అంటారు. అయింది, కాదనను. కానీ నయం చేసింది పసరా? భుజం దగ్గర ఎముక మెత్తటి గుల్ల ఎముక. రక్తప్రసారం బాగా ఉంటుంది. పెద్ద వయసువాళ్ళలో ఎక్కువ విరుగుళ్ళు పెద్దగా పక్కకి జరగవు. చెయ్యి మెడకి వేలాడగట్టి ఉంచితే వాటంతటవే అతుక్కుంటాయి. పని ఎముకది, పేరు కట్టినవాడిది!

కట్టు బిగిస్తే మాత్రం ప్రమాదమే. అదే 1881లో జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫోక్‌మన్, బిగుతు కట్టు వల్ల రక్తం అందక కండరాలు చచ్చి చెయ్యి వంకరపోతుందని రాశాడు.

మరి సర్జన్లు? 1934లో అమెరికాలో కాడ్‌మన్ ఈ ఎముక నాలుగు ముఖ్యమైన ముక్కల దాకా విరగవచ్చని చూపించాడు. 1970లో నీర్ దానిమీదే వర్గీకరణ చేశాడు: ముక్క ఒక సెంటీమీటరు జరిగినా, 45 డిగ్రీలు తిరిగినా జరిగినట్టే లెక్క. 2000 తర్వాత లాకింగ్ ప్లేట్లు వచ్చాయి. ఎక్సరేలో ఎముక చక్కగా కనబడుతుంది కాబట్టి చెయ్యి కూడా బాగా పనిచేస్తుందనుకున్నారు.

బ్రిటన్‌లో ఆ నమ్మకాన్ని పరీక్షకి పెట్టారు. ముక్కలు జరిగిన 250 మందిని లాటరీ పద్ధతిలో విడదీసి సగంమందికి ఆపరేషను చేశారు, సగంమందికి చెయ్యి వేలాడగట్టారు. ప్రోఫర్ అనే ఆ అధ్యయనం 2015లో అచ్చయింది. రెండేళ్ళ తర్వాత చూస్తే చెయ్యి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు.

దీన్నిబట్టి ఆపరేషనే వద్దని కాదు. కీలు కూడా తప్పినప్పుడు, ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినప్పుడు, రక్తనాళం దెబ్బతిన్నప్పుడు లెక్క వేరు. అలాంటివాళ్ళు ఆ పరీక్షలో లేరు.

ఇక్కడ తేడా గమనించండి. సర్జన్లు తమ పద్ధతిని తామే పరీక్షించి, తమకి నచ్చని ఫలితాన్ని కూడా అచ్చువేశారు. పసరుకి అలాంటి పరీక్ష ఎవరు పెట్టారు?

కాబట్టి ముందు ఎక్సరే తీయించండి. ఆపరేషను అంటే "చెయ్యకపోతే ఏమవుతుంది?" అని అడగండి. వేళ్ళూ మోచెయ్యీ మొదట్నుంచీ కదిలించాలి. డాక్టరు చెప్పిన రోజు నుంచి భుజం కూడా కదిలించకపోతే బిగుసుకుపోతుంది. ఎముకల గుల్లదనానికి పరీక్ష చేయించండి, బాత్‌రూములో పట్టుకోడానికి ఒక కడ్డీ బిగించండి. రెండో విరుగుడు తుంటిది కాకుండా చూసుకోవడం ఇంకా ముఖ్యం.