మన ఇంటి పాట: ప్లేటు మేలా, సీడీ మేలా?

చాలా ఏళ్ల క్రితం ఒక శుక్రవారం, దోహాలో మా ఇంట్లో భోజనాలయ్యాక నాలుగు కుటుంబాల వాళ్లం కూర్చున్నాం. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఘంటసాల గారు చివరి రోజుల్లో పాడిన భగవద్గీతను ముందు ఎల్పీ రికార్డు మీద, తర్వాత సీడీ మీద వినిపించాను. ఇద్దరు మిత్రులు "ప్లేటులో ఉన్న నిండుదనం సీడీలో లేదండీ" అన్నారు. మా ఆవిడ మాత్రం "ఆ చిటపటలు లేకుండా శ్లోకం వినపడితే నాకంతే చాలు" అంది. వాదన ఆనాడు తేలలేదు. దాని వెనకనున్న చరిత్ర చూస్తే కొంతైనా తేలుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

గ్రామఫోన్ కంపెనీ పంపగా ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ వంటి వారి పాటలు రికార్డు చేశాడు. మన దేశంలో ప్లేట్ల కాలం అలా మొదలైంది. ఆ ప్లేట్లకు వాడే లక్క ప్రపంచమంతటికీ ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటులో ఒక పక్కకు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. రంగస్థలం మీద 'వన్స్ మోర్'ల మధ్య రాగాన్ని సాగదీసే మన పద్యానికి ఇది చిక్కే. కపిలవాయి రామనాథశాస్త్రి గారి వంటి నటగాయకులు ప్లేటుకు సరిపడా పాడవలసి వచ్చింది. అయితేనేం, నాటకం చూడని ఊళ్లకు కూడా వారి గొంతు చేరింది. కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' ఘంటసాల గళంలో ఇంటింటికీ వెళ్లింది కూడా ప్లేటు మీదనే.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ వినైల్‌తో చేసిన ఎల్పీని తెచ్చింది. నిమిషానికి 33⅓ చుట్లు, పక్కకు ఇరవై నిమిషాల పైన పాట. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతం 1963లో ఎల్పీగా వచ్చి మన ఉదయాల్లో స్థిరపడింది. కానీ ఎల్పీకీ ఒక లోపం ఉంది. అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు కదిలితే, లోపలి చివరకు వచ్చేసరికి 20కి పడిపోతుంది. అందుకే ఆఖరి పాటలో 'స', 'ష' అక్షరాలు బొంగురుపోతాయి.

1982 అక్టోబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన సీడీకి ఈ బాధ లేదు. అది శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది; ఒక్కో కొలతకు 65,536 మెట్లు. మనిషి చెవి వినగలిగేది 20,000 హెర్ట్జ్‌ల వరకే కాబట్టి ఈ లెక్క సరిపోతుంది. ముల్లు తాకదు కనుక అరుగుదల లేదు. కొలతల్లో సీడీదే పైచేయి అని ఒప్పుకోక తప్పదు.

మరి మా మిత్రుల చెవులు అబద్ధం చెప్పాయా? లేదు. సీడీ ఎంత మంచిదైనా, దాన్ని తయారుచేసిన చేతిని బట్టే వినిపిస్తుంది. అరిగిన టేపు నుంచి ఎక్కించినా, చిటపటలు తీసేయబోయి గొంతులోని జీర కూడా తీసేసినా, అన్ని స్వరాలనూ ఒకే గట్టిదనానికి పెంచినా అది మూల ప్లేటుకు సాటి రాదు. తర్వాత వచ్చిన ఎంపీ3 సంగతి సరేసరి. 128 కిలోబిట్ల ఫైలులో మిగిలేది సీడీలోని సమాచారంలో పదకొండో వంతే.

ఈ ఎడారి దేశంలో ప్లేటును కాపాడుకోవడం కూడా కష్టమే. సన్నటి దుమ్ము గాడిలో చేరుతుంది. ఒక వేసవిలో నేనే ఒక ఎల్పీని కారులో మరిచిపోయాను. సాయంత్రానికి అది అప్పడంలా వంగిపోయింది. డిజిటల్ గొప్పదనం నాకు అప్పుడు బోధపడింది. దాని అసలు వరం వినసొంపు కాదు, తరుగులేని నకలు. క్యాసెట్టుకు క్యాసెట్టు తీస్తే ప్రతిసారీ కొంత పోతుంది. డిజిటల్‌లో నూరో నకలు కూడా మొదటిదే.

ఈ పని ఖతార్ చేసి చూపించింది. 2014లో ఖతార్ నేషనల్ లైబ్రరీ, బ్రిటిష్ లైబ్రరీ కలిసి ప్రారంభించిన ఖతార్ డిజిటల్ లైబ్రరీలో గల్ఫ్ చరిత్ర పత్రాలతో పాటు పాత అరబ్బీ లక్క ప్లేట్ల పాటలు కూడా ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా వినవచ్చు. గరగరతో సహా ఆనాటి గొంతు వినపడుతుంది.

మన ఇళ్లలోనూ అలాంటి నిధులున్నాయి. 1963లో ఫిలిప్స్ తెచ్చిన క్యాసెట్టు మన గల్ఫ్ వాళ్లకు పాటల పెట్టె మాత్రమే కాదు, ఉత్తరం కూడా. టూ ఇన్ వన్ ముందు కూర్చుని మాట్లాడి, ఊరికి వెళ్లే వారి చేతికిచ్చి పంపేవాళ్లం. మా అమ్మ అలా పంపిన క్యాసెట్టు ఒకటి నా దగ్గర ఉంది. రేపు, మాపు అంటూ వాయిదా వేశాను. చివరికి ఎక్కించబోతే టేపు అతుక్కుపోయి ఉంది. ఒక పక్కే దక్కింది. రెండో పక్క అమ్మ ఏం చెప్పిందో ఇప్పుడు నాకు పూర్తిగా గుర్తులేదు.

కనుక సభ్యులందరికీ నా విన్నపం. ప్లేటు మేలా, సీడీ మేలా అన్న వాదన పండగ భోజనాల తర్వాతకు ఉంచుదాం. ముందు అటక మీది ప్లేట్లు, క్యాసెట్లు దింపండి. కుదించని ఫైళ్లుగా ఎక్కించి, రెండు మూడు చోట్ల దాచండి. ఎక్కించాక మూలాన్ని మాత్రం పారేయకండి. రేపు ఇంతకన్నా మంచి యంత్రం వస్తే, మళ్లీ ఆ గాడి దగ్గరికే వెళ్లాలి.