సోవియట్ ప్రజలను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న

1991 మార్చి 17, ఆదివారం. సోవియట్ యూనియన్ తన చరిత్రలో మొదటిసారిగా దేశమంతటా ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. చివరిసారి కూడా అదే. సమాన హక్కులున్న సార్వభౌమ రిపబ్లిక్కుల కొత్త సమాఖ్యగా, ఏ జాతి మనిషికైనా హక్కులు, స్వేచ్ఛ పూర్తిగా దక్కేలా ఈ యూనియన్‌ను నిలుపుకోవాలా వద్దా అన్నది ప్రశ్న. దాదాపు 14.8 కోట్ల మంది ఓటు వేశారు. వారిలో 11.3 కోట్ల మందికి పైగా, అంటే 76 శాతం మంది, అవునన్నారు.

తొమ్మిది నెలలు తిరిగేసరికి ఆ దేశం లేదు. ఇంతమంది కావాలన్న యూనియన్ అంత త్వరగా ఎలా కూలింది? నాయకులు జనాన్ని మోసం చేశారన్న జవాబు ఈనాటికీ వినిపిస్తుంది. ఆ రోజు పోలైన ఓట్లను రిపబ్లిక్ వారీగా చూస్తే మాత్రం ఆ జవాబు నిలవదు. 76 శాతం అన్న ఒక్క అంకె కింద ఒకదానితో ఒకటి పొసగని అరడజను కోరికలున్నాయి.

ముందుగా, పదిహేను రిపబ్లిక్కులలో ఆరు ఆ ఓటింగ్‌ను తమ గడ్డ మీద జరపలేదు. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, జార్జియా, ఆర్మేనియా, మోల్డోవా పక్కకు తప్పుకున్నాయి. వీటిలో మొదటి మూడైన బాల్టిక్ దేశాల లెక్కలో యూనియన్ భవిష్యత్తు అన్న ప్రశ్నే అసంబద్ధం. 1940లో తమను బలవంతంగా కలుపుకున్నారు కాబట్టి తాము విడిపోవడం లేదని, పోగొట్టుకున్న రాజ్యాలను తిరిగి తీసుకుంటున్నామని వారు వాదించారు. 1991 జనవరి 13న లిథువేనియా రాజధాని విల్నియస్‌లో సోవియట్ సైన్యం టీవీ టవర్ మీదికి ట్యాంకులు నడిపింది. ఆ దాడిలో 14 మంది పౌరులు ప్రాణాలు కోల్పోయారు. నెల తిరక్కముందే, ఫిబ్రవరి 9న, లిథువేనియా తన సొంత పోలింగ్ పెట్టుకుంది. ఓటేసినవారిలో 90 శాతానికి పైగా స్వతంత్ర ప్రజాస్వామ్య రాజ్యం కావాలన్నారు.

ఉక్రెయిన్ మార్చి ఓటింగ్‌లో పాల్గొంది, కానీ తన షరతు తాను జోడించింది. మాస్కో ప్రశ్నకు 70 శాతం మంది అవునన్నారు. అదే రోజు కీవ్ పార్లమెంటు రెండో ప్రశ్న కూడా వేసింది: 1990 నాటి ఉక్రెయిన్ సార్వభౌమత్వ ప్రకటన ప్రాతిపదికగా మాత్రమే యూనియన్‌లో ఉండాలా? దీనికి 80 శాతం మంది అవునన్నారు. పోలెండ్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ల్వీవ్, ఇవానో-ఫ్రాంకివ్‌స్క్, తెర్నోపిల్ ప్రాంతాల్లో స్థానిక మండళ్లు ఇంకో అడుగు ముందుకు వేసి, పూర్తి స్వాతంత్ర్యం కావాలా అని మూడో ప్రశ్న పెట్టాయి. అంటే ల్వీవ్‌లో ఓటరు పాత యూనియన్, వదులు యూనియన్, అసలు యూనియన్ లేకపోవడం, ఈ మూడింటి మీదా ఒకే పూట తీర్పు చెప్పాడు. ఆ మూడు ప్రాంతాల్లో దాదాపు 88 శాతం మంది స్వాతంత్ర్యానికే ఓటేశారు.

కజఖ్‌స్తాన్ ప్రశ్ననే మార్చేసింది. సమాఖ్య అన్న మాట తీసేసి, సమాన సార్వభౌమ రాజ్యాల కూటమిగా యూనియన్ నిలవాలా అని అడిగింది. అయినా అక్కడి 94 శాతం అవుననే ఓట్లను మాస్కో తన ఖాతాలోనే కలుపుకుంది.

రష్యా లెక్క మరోలా ఉంది. యూనియన్‌కు 71 శాతం మద్దతు వచ్చింది గానీ మాస్కో, లెనిన్‌గ్రాద్ నగరాల్లో అది సగం దగ్గరే ఆగిపోయింది. అదే రోజు రష్యాకు ప్రత్యేకంగా ఒక అధ్యక్షుడు ఉండాలా అన్న ప్రశ్న కూడా పెట్టారు. దానికీ 70 శాతం మంది సరేనన్నారు. ఆ దారిలోనే బోరిస్ యెల్ట్‌సిన్ జూన్ 12న నేరుగా ప్రజల ఓటుతో గెలిచారు. అధ్యక్ష పదవికి అప్పటివరకు ప్రజల ఓటు అడగని సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్‌కు సాటిగా మాస్కోలోనే రెండో అధికార కేంద్రం వెలిసింది.

మధ్య ఆసియా రిపబ్లిక్కులన్నిటా 90 శాతానికి పైనే అవునన్నారు. ఉజ్బెకిస్తాన్ పత్తి మాస్కో ప్రణాళికల కోసమే పండేది, అక్కడి బడ్జెట్లకు కేంద్రం నిధులు ఆధారం. అయితే ఆ అంకెల్లో జనం మనసు ఎంత, పార్టీ నాయకుల పట్టు ఎంత అన్నది తుర్క్‌మెనిస్తాన్ చూస్తే తెలుస్తుంది. మార్చిలో దాదాపు 98 శాతం యూనియన్ కావాలన్న చోటే, అక్టోబర్ 26న 94 శాతం స్వాతంత్ర్యం కావాలన్నారు. ఆ ఏడు నెలల్లో నాయకుడు మారలేదు, ఆయన వైఖరి మారింది.

బహిష్కరించిన రిపబ్లిక్కుల లోపల కూడా భిన్నస్వరాలున్నాయి. మోల్డోవాలోని గగౌజ్‌లు, జార్జియాలోని అబ్ఖాజ్‌లు తమ రాజధానులను కాదని పోలింగ్‌కు వెళ్లి యూనియన్ వైపు నిలిచారు. విడిపోయిన మోల్డోవా రుమేనియాలో కలిసిపోతే తమ గతేమిటన్నది గగౌజ్‌ల భయం. చిన్న జాతులకు దూరాన ఉన్న మాస్కో కన్నా దగ్గరున్న పెద్ద జాతే ఎక్కువ ప్రమాదంగా కనిపించింది. ఈ భయాన్ని ఎవరూ సకాలంలో పట్టించుకోలేదు. 1992 నాటి అబ్ఖాజియా యుద్ధంలో వేలమంది చనిపోయారు.

ప్రగతి, రాదుగ ప్రచురణల ద్వారా సోవియట్ సాహిత్యం చదివిన తెలుగువారికి జాతుల మధ్య ఈ చీలిక మింగుడుపడని విషయం. కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్‌మాతొవ్ కథలు, రష్యన్ల నవలలు ఒకే అట్టల మధ్య, ఒకే ధరలకు చేతికందేవి. ఆ పుస్తకాల్లో కనిపించిన జాతుల చెలిమి అబద్ధం కాదు. అయితే విల్నియస్, ల్వీవ్‌ల అసంతృప్తికి ఆ అరల్లో చోటు దొరకలేదు.

ఏప్రిల్ 23న మాస్కో శివార్లలోని నోవో-ఒగర్యోవోలో గోర్బచేవ్, తొమ్మిది రిపబ్లిక్కుల నేతలు కొత్త ఒప్పందానికి సిద్ధపడ్డారు. పన్నులెవరివి, ఆస్తులెవరివి అన్న బేరాలు వేసవంతా సాగాయి. ఉక్రెయిన్ నిర్ణయాన్ని సెప్టెంబర్‌కు వాయిదా వేసింది. ఆగస్టు 20న తొలి సంతకాలు జరగాలి. యూనియన్‌ను కాపాడతామంటూ 19న ఛాందసవర్గం తిరుగుబాటు చేసి, దాన్ని కాపాడగల ఆ ఒక్క కాగితాన్నీ చింపేసింది. కుట్ర మూడు రోజుల్లో విఫలమైంది. కానీ వదులు యూనియన్‌లో తమ సార్వభౌమత్వం భద్రంగా ఉంటుందన్న నమ్మకం ఉక్రెయిన్‌లో చచ్చిపోయింది. డిసెంబర్ 1న అక్కడ 90 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి ఓటేశారు. రష్యన్ భాష ఎక్కువగా వినిపించే దొనెత్స్క్‌లోనూ 80 శాతం దాటింది. క్రిమియాలో మాత్రం 54 శాతమే.

వారం తర్వాత, డిసెంబర్ 8న, బెలారుస్‌లోని బెలవేజ అడవిలో యెల్ట్‌సిన్, ఉక్రెయిన్ నేత క్రవ్‌చుక్, బెలారుస్ నేత షుష్కేవిచ్ యూనియన్ రద్దు పత్రం మీద సంతకాలు చేశారు. యూనియన్ కావాలని అందరికన్నా గట్టిగా చెప్పిన మధ్య ఆసియాకు ఆ బల్ల దగ్గర కుర్చీ వేయలేదు. కజఖ్‌స్తాన్ డిసెంబర్ 16న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, పదిహేనింటిలో అందరికన్నా ఆఖరున.