సారా దుకాణం మూతపడ్డాక

తాగొచ్చిన మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఆడదానికి మన ఊళ్లలో చాలాకాలం రెండే దిక్కులు: పుట్టిల్లు, పెద్దమనుషుల పంచాయితీ. రెండు చోట్లా చివరికి సర్దుకుపొమ్మనే చెప్పేవారు. ఇక తాగుడు మాన్పించడమంటే ఒట్టు వేయించుకోవడం, తాయెత్తు కట్టించడం, కూరలో పసరు కలిపి పెట్టడం. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చాలా ఇళ్లలో గొడవ ఉండేది కాదు. మాల తీసేసిన సాయంత్రం గురించి ఆ ఇల్లాలికి ముందునుంచే గుబులు.

ఆ గుబులు గడప దాటి వీధికెక్కింది నెల్లూరు జిల్లాలో. 1990లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమం కోసం రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ ఇళ్ల సంగతులూ మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ ముందు నిలిచింది. ఊరి ఆడవాళ్లు సారాను ఊళ్లోకి రానివ్వలేదు. 1992లో ఆ పోరు జిల్లా అంతా పాకి, సారా వేలంపాటల్నే ఆపేసింది. కూలి డబ్బులు తాగేస్తున్నాడు, తాగొచ్చి కొడుతున్నాడు: వాళ్లకు ఇవి రెండు కష్టాలు కావు, ఒకటే.

1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. ఇంత పెద్ద గెలుపులోనూ ఒక లోటు ఉంది. దుకాణం మూశారు గానీ, ఏళ్లతరబడి తాగిన మనిషికి వైద్యం ఎక్కడని ఎవరూ గట్టిగా అడగలేదు. అలవాటు ఉన్నట్టుండి తెగితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపిస్తాయి. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రి ఈ బాధ కళ్లారా చూసింది. మద్యం, కల్లు దొరక్క మతి తప్పినట్టు ప్రవర్తిస్తున్నవాళ్లను కుటుంబాలు అక్కడికి పట్టుకొచ్చాయి. తెలంగాణలో కల్లులో మత్తుమందులు కలిపే పాడు అలవాటు ఆ బాధను ఇంకా పెంచింది.

తాగుడు రోగమనీ, ఆ రోగం ఇంటిల్లిపాదినీ పట్టి పీడిస్తుందనీ దక్షిణాదిన ముందుగా గ్రహించినవారిలో శాంతి రంగనాథన్ ఒకరు. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న ఆమె 1980లో చెన్నైలో టీటీకే ఆసుపత్రిని ప్రారంభించారు. అక్కడ రోగితో పాటు భార్యనూ కూర్చోబెట్టి మాట్లాడతారు. అమెరికాలో 1935లో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ తాగేవాళ్లకోసమైతే, 1951లో మొదలైన అల్-అనాన్ వాళ్ల కుటుంబాలకోసం.

దెబ్బలకు సంబంధించిన సాయం మరో దారిన నడిచింది. 1983లో, భార్యను హింసించే భర్తను శిక్షించే 498ఏ సెక్షన్ వచ్చింది. అయితే అది మొగుణ్ణి జైలుకు పంపగలిగిందే తప్ప, ఆ రాత్రి ఆమె ఎక్కడ తలదాచుకోవాలో చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికి వచ్చింది 2005 నాటి గృహహింస నిరోధక చట్టం. 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. కాపురమున్న ఇంట్లోనే ఉండే హక్కు, రక్షణాధికారి, భరణం అన్నీ అందులో ఉన్నాయి. 2015 నుంచి సఖి కేంద్రాలు వైద్యం, పోలీసు, న్యాయ సలహా, ఐదు రోజుల వరకు ఆశ్రయం ఒకే చోట అందించేందుకు ఏర్పడ్డాయి. 2016లో హైదరాబాదులో ఇలాంటి సాయం కోసమే భరోసా కేంద్రం మొదలైంది.

తాగుడు మానిన ప్రతివాడూ చెయ్యెత్తడం మానడు. అందుకే ఈ రెండు సాయాలూ ఒకదానికొకటి తెలియకుండా నడవడం నాకు పెద్ద లోపంగా కనిపిస్తుంది. డీఅడిక్షన్ వార్డులో భార్య మంచం పక్కన అటెండెంటుగా కూర్చుంటుంది. ఏ మాత్ర ఎన్నింటికి వేయాలో ఆమెకే చెబుతారు. అతను తాగి కొడతాడా, ఇంటికి పంపితే నీకు భయమా అని ఆమెను పక్కగదిలోకి పిలిచి అడిగే ఏర్పాటు ప్రతి వార్డులో ఉండాలి. కొడతాడని ఆమె చెబితే, డిశ్చార్జి కాగితం రాయకముందే సఖి కేంద్రానికి ఫోను వెళ్లాలి.