పటాలం బజారు, గుర్రపువాతం

1806లో సికందర్ జా పేరిట వెలసిన సికింద్రాబాదు కంటోన్మెంటులో పటాలాల అవసరాల కోసం పెరిగింది రెజిమెంటల్ బజార్. పక్కనే 1874లో రైల్వే స్టేషన్ కట్టారు.

ఆ రోజుల్లో నిండు చూలాలికి కాళ్లు వాచి మూర్ఛ వస్తే జనం గుర్రపువాతం అనేవారు. దాని వెనుక ఉండే రక్తపోటును కొలిచే తేలికైన సాధనం లేని కాలం. ఇటలీలో వైద్యుడు రివా-రోచి చేతి పట్టీ 1896లో వచ్చింది. మరుసటి ఏడే వైద్యుడు రొనాల్డ్ రాస్ ఇక్కడ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. దోమకు దక్కిన కీర్తి పాపం పట్టీకి దక్కలేదు!

1905లో వైద్యుడు కొరోట్కాఫ్ ఆ పట్టీకి స్టెతస్కోపు జోడించాక కొలత కుదిరింది. గర్భిణికి రక్తపోటు పెరిగితే గుండెకు బరువు. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కొందరికి కాన్పయ్యాక, అయిదు నెలల్లోపు కూడా, గుండె కండరం బలహీనపడుతుంది. ఆ ఆయాసం బాలింత నీరసంలాగే కనిపిస్తుంది.

ఇక ఆ బజారు పక్క స్టేషన్ దగ్గరి కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రి తర్వాత గాంధీ ఆసుపత్రి అయింది. 2003లో ముషీరాబాదుకు తరలింది.