పాళయంకోట చెర దగ్గర మారువేషగాళ్ళు

కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలికి బస్సులో పోతే దారిలో కయత్తారు తగులుతుంది. 1799 అక్టోబర్‌లో కంపెనీవాళ్ళు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఉరి తీసింది అక్కడే. ఆయన ఇంటి భాష మన తెలుగే. ఇంతవరకూ మనందరికీ తెలుసు, సినిమా కూడా చూశాం. ఆ తర్వాతి సంగతే మేము చెప్పబోయేది.

ఆయన తమ్ముడు ఊమైదురై, అంటే మూగదొర, మిగతా బంధువులతో పాళయంకోట చెరలో పడ్డాడు. లోపల అమ్మవారు పోసింది. జబ్బు పడినవాళ్ళకు సంకెళ్ళు తీసేశారు. ఈ కబురు గోడ దాటి రాకుండా ఉంటుందా? 1801 ఫిబ్రవరి 2న దొరలూ దొరసానులూ మేజర్ మెకాలే ఇంట్లో విందులో ఉన్నారు, దండేమో శంకరన్‌కోవిల్ వైపు ఉంది. మారువేషాల్లో కాచుకున్న మనుషులు కావలివాళ్ళను పడగొట్టి ఖైదీలను విడిపించుకుపోయారు.

వారం తిరక్కుండా కంపెనీ దండు పాంచాలంకురిచ్చి చేరి చూస్తే, తాము నేలమట్టం చేసిన కోట గోడలు మళ్ళీ లేచి నిలబడి ఉన్నాయి! అన్ని వందలమంది మట్టి మోస్తుంటే కంపెనీకి ఒక్కరూ చెప్పలేదన్నమాట. ఆ దండులోని వెల్ష్ అనే అధికారే తన పుస్తకంలో ఈ ఆశ్చర్యం రాసుకున్నాడు. మూగదొర అరచేతిలో గడ్డిపరకలు పేర్చి, ఇవి తెల్లవాళ్ళు అని చూపి, ఒక్క తుడుపు తుడిచి దాడికి సైగ చేసేవాడట.

మే 24న కోట పడింది. నవంబర్‌లో ఆయన్నూ ఉరి తీశారు.

ఆ మారువేషగాళ్ళ కథ మీ ఇంటి పెద్దవాళ్ళు ఎవరైనా చెప్పి ఉంటే మాకు చెప్పండి, రాసి పెట్టుకుంటాం.