లినక్స్‌లో తెలుగు ఖతుల స్థాపన, తొలగింపు: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
కంప్యూటరులో సాఫ్ట్‌వేరును స్థాపించడం, తొలగించడం కేవలం సాంకేతిక వ్యవహారాలుగా కనిపిస్తాయి. తెలుగు విషయంలో ఇవి పాఠం మనుగడతో ముడిపడిన అంశాలు. ఒక ఖతిని తొలగిస్తే దానితో రాసిన పాఠం ఏమవుతుందన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

ఖతికి లోబడిన పాఠం:
యూనికోడ్ వాడుకలోకి రాకముందు డీటీపీ ఖతులలో రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు అక్షర ఖండాలను అమర్చేవారు. ఈ అమరిక ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క తీరుగా ఉండేది. ఖతిని తీసివేస్తే పాఠమంతా అర్థరహితమైన రోమన్ అక్షరాల వరుసగా మారేది.

పాఠానికి స్వతంత్రత:
1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణం తెలుగుకు ప్రత్యేక సంకేతాలను కేటాయించింది. నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలో ఉదయగిరి ప్రాంతానికి చెందిన దుత్తలూరు పేరునే తీసుకుంటే, కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలు. ఫైలులో ఉండేవి 9 సంకేతాలు. అవి ద, ఉత్వం, త, పొల్లు, త, ల, ఊత్వం, ర, ఉత్వం. తవొత్తుకు విడిగా సంకేతం లేదు. ఖతిలోని నియమాలను అనుసరించి హార్ఫ్‌బజ్ వంటి సాఫ్ట్‌వేరు దాని రూపాన్ని ఎంపిక చేస్తుంది. ఖతిని తొలగించినా ఆ 9 సంకేతాలు చెక్కుచెదరవు. మరొక తెలుగు ఖతి ఉంటే ఊరి పేరు యథాతథంగా కనిపిస్తుంది. ఏదీ లేకపోతే ఖాళీ గడులు కనిపిస్తాయి.

ప్యాకేజీల వ్యవస్థ:
1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్‌లో, ఏ ఫైలు ఏ ప్యాకేజీకి చెందినదో డీపీకేజీ నమోదు చేస్తుంది. తొలగింపు ఈ నమోదు ఆధారంగానే జరుగుతుంది. 1999లో వెలువడిన డెబియన్ 2.1తో అందుబాటులోకి వచ్చిన ఆప్ట్, ఒక ప్యాకేజీ ఆధారపడే ఇతర ప్యాకేజీలను కూడా తానే తెచ్చి స్థాపిస్తుంది. ‘రిమూవ్’ ఆదేశం వ్యవస్థలోని అమరికల ఫైళ్లను మిగులుస్తుంది. ‘పర్జ్’ వాటినీ తొలగిస్తుంది. వాడుకరి సొంత రచనల జోలికి ఈ రెండూ పోవు.

తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు డెబియన్ ప్యాకేజీగా లభిస్తాయి. సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడిన ఖతులలో పెద్దన, శ్రీకృష్ణదేవరాయ ఉన్నాయి. 1514లో ఉదయగిరి దుర్గాన్ని జయించిన రాయల పేరు ఇప్పుడు ఎవరైనా ఉచితంగా స్థాపించుకోగల ఖతికి ఉంది.

ముగింపు:
ఖతులు స్థాపితమవుతాయి, తొలగిపోతాయి. యూనికోడ్‌లో రాసిన తెలుగు పాఠం వాటితో నిమిత్తం లేకుండా నిలుస్తుంది. పాత ఖతులలో చిక్కుకున్న పాఠాలకు ఆ రక్షణ లేదు. ఆ ఖతులు కనుమరుగు కాకముందే వాటిని యూనికోడ్‌లోకి మార్చడం ఈ చరిత్ర సూచించే తక్షణ కర్తవ్యం.